తమిళ అక్షరాల్లో రాసిన తెలుగు ప్రసంగం చదివేదెట్లా?

కోయంబత్తూరు, మదురై పక్క మనోళ్ళ కూటాల్లో ఇప్పుడు ప్రసంగం తెలుగులోనే ఉంటుంది, కాగితం మీద అక్షరాలు మాత్రం తమిళం. ఇంట్లో తెలుగు ధారగా మాట్లాడే పిల్లలకు కూడా తెలుగు లిపి రాదు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టంతో ఒకటో తరగతి మొదలుకొని ఏడాదికొక తరగతిగా తమిళం తప్పనిసరి అయ్యింది; బడిలో తెలుగు రాత నేర్చే దారి ఇంకా ఇరుకయింది. కాబట్టి తమిళంలో రాసుకొనేది తప్పేం కాదు. ఎట్లా రాసుకొంటామనేదే లెక్క.

తమిళంలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం. గాలి, కాలి ఒకే రాత. తమిళం చదివే కంటికి అదే ‘ఖాళీ’ కూడా. మంటపానికి డబ్బిచ్చిన ‘దాత’ చదివేవారి నోట్లో ‘దాదా’ అయ్యే వీలుంది. దాదా అంటే మన ఊర్లల్లో ఎవరో చెప్పక్కరలేదు! బండి ఱ జంటగా వస్తే తమిళంలో ‘ట్ర’ అని పలుకుతారు. గుఱ్ఱాన్ని అట్లా రాస్తే అది ‘కుట్రం’, అంటే నేరం. కర్ర, బుర్ర, గుర్రం అన్నీ మామూలు ర జంటతోనే రాయండి.

మాట చివరి ఉకారాన్ని తమిళంలో సగం మింగేస్తారు. కాగితం చూసి చదివేటప్పుడు ఆ అలవాటే వచ్చి ‘మీకు’, ‘చెట్టు’ చివర్లు ఆరిపోతాయి. దీనికి గుర్తులు పనికిరావు, నోటితో చెప్పించాల్సిందే.

మొదటి చిక్కుకు మందు పాతదే. త్యాగరాజ కృతులను తమిళంలో అచ్చేసే పుస్తకాల్లో అక్షరం పక్కన చిన్న అంకెలు ఉంటాయి: క పక్కన 2 ఉంటే ఖ, 3 ఉంటే గ, 4 ఉంటే ఘ. పాడేవారు ముందే నేర్చుకొని వస్తారు కాబట్టి పాటకు అది చాలు. ప్రసంగంలో అన్ని అంకెలుంటే కన్ను తట్టుకొంటుంది. నన్నడిగితే గ, డ, ద, బ పలకాల్సిన అక్షరం కింద ఒక గీత చాలు. గీత ఉంటే మెత్తగా, లేకుంటే గట్టిగా. మాట మొదట్లో అయినా నడుమ అయినా ఇదే. లేకుంటే ‘పాట’ కాస్తా ‘పాడ’ అవుతుంది. ఒత్తుల సంగతి వదిలేయండి, మన ఇండ్లల్లో ఎవరు పలుకుతారు?

అక్షరం కంటే పెద్ద చిక్కు మాటలో ఉంది. పెన్ను పట్టగానే మనోళ్ళకు టీవీ తెలుగో, పుస్తకం తెలుగో గుర్తొస్తుంది. ఇది చూడండి:

‘మన పూర్వులు విజయనగర కాలమున ఈ ప్రాంతమునకు వలసవచ్చి వ్యవసాయము చేయుచు స్థిరపడినారు.’

చదివే పిల్ల ఇట్లాంటి మాట ఎన్నడూ అని ఉండదు. ఎక్కడ ఆగాలో తెలీదు. ఇట్లా రాసివ్వండి:

మన పెద్దోళ్ళు
విజయనగరం కాలంలో
ఈ పక్కకు వచ్చిరి.
సేద్యం చేసిరి.
ఈడనే నిలిచిపోయిరి.

ఒక ఊపిరికి ఒక వరస. ‘ఉన్నది’ అనేదాన్ని మీ ఇంట్లో ‘ఉండాది’ అంటే అదే రాయండి, ‘వస్తా ఉండారు’ అంటే అదే. ఊరికొక యాస, దాన్ని దిద్దేదానికి కూర్చోవద్దు. ‘ఊరివారందరికీ’ అని కలిపేయకుండా ‘ఊరోళ్ళు అందరికీ’ అని విడదీయండి.

మదురై ఏలిన విజయరంగ చొక్కనాథుడు (1706–1732) తానే తెలుగు వచనం రాసినవాడు. పాత తాటాకుల్లో మాటకూ మాటకూ నడుమ ఎడం ఉండదు. పద్యమైతే ఛందస్సే చదివేవాడిని నడిపిస్తుంది. వచనానికి ఆ ఆసరా లేదు, భాష బాగా నోట్లో నానినవాడే నడిపించుకోవాలి. మన పిల్లలకు ఎడం కావాలి, వరసలూ కావాలి.

ఏళ్ళను అక్షరాల్లో రాయండి. 1529 అని అంకెలు వేస్తే నోట్లోంచి తమిళమో ఇంగ్లీషో వస్తుంది. ‘పదహైదువందల ఇరవైతొమ్మిది’ అని రాస్తే తెలుగే వస్తుంది. వాక్యం నడుమలో పేజీ తిప్పే పని పెట్టొద్దు.

కూటానికి ముందు రోజు ఇంట్లో అవ్వ ముందర ఒకసారి చదివించండి. ఆమె ‘ఏమంటివి?’ అని అడిగిన చోటల్లా వరస విరిచి, గీత సరిచూసి, మళ్ళీ రాయండి.