గ్యాసు అలారం: ఎక్కడ బిగించాలి, ఎలా చూసుకోవాలి?

వంటగ్యాసు గాలికన్నా బరువైనది కనుక లీకైనప్పుడు నేలబారున పరుచుకుంటుంది. అందుచేత దానిని పసిగట్టే అలారాన్ని నేలకు సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తులో బిగించాలి. గ్యాసు గీజరు వంటివి గాలి చాలని చోట మండినప్పుడు వెలువడే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు. రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్‌కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి, దాని అలారం నిద్రలో ఉన్నవారికి వినిపించేలా పడకగది దగ్గర ఉండాలి.

ఇంటి కరెంటు లైనుకే నేరుగా కలిపే ఈ అలారాలలో, సరఫరా ఆగినా పనిచేసేలా బ్యాటరీ కూడా ఉన్న రకాన్ని ఎంచుకుని, అర్హత గల ఎలక్ట్రీషియన్‌తోనే పెట్టించాలి. నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కి చూడాలి. వాయువును గుర్తించే సెన్సర్ కాలక్రమేణా మందగిస్తుంది కనుక, గడువు తీరగానే అలారాన్నే మార్చాలి. వంటగ్యాసు అలారం మోగితే స్విచ్చులు ముట్టకుండా, రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తెరిచి, అందరూ బయటికి వచ్చాకే గ్యాసు లీకుల అత్యవసర నంబరు 1906కు ఫోన్ చేయాలి.