వంద హార్స్‌పవర్, నాలుగు వందల కిలోమీటర్లు

అపోహ: పందెపు విమానం వేగమంతా ఇంజన్‌దే.

వాస్తవం: అమెరికాలో ఫార్ములా వన్ విమాన పందేల నిబంధనలే ఈ మాటను కొట్టేస్తాయి. అక్కడ పోటీపడే ఒంటి సీటు బుల్లి విమానాలన్నిటికీ ఒకటే ఇంజన్: 100 హార్స్‌పవర్ కాంటినెంటల్ ఓ-200. పైలట్ శిక్షణకు వాడే సెస్నా 150లో ఉన్నదీ అదే. సెస్నా గరిష్ఠ వేగం గంటకు దాదాపు 200 కిలోమీటర్లు. జాన్ షార్ప్ రూపొందించి నడిపిన నెమెసిస్ పందెంలో 400 దాటింది. పందెంలో ఇంజన్‌ను మరింత జోరుగా తిప్పుతారు కదా అనవచ్చు. నిజమే, దానివల్ల కొంత బలం కలిసొస్తుంది. కానీ ఒకే విమానం వేగం రెట్టింపు కావాలంటే గాలిని చీల్చడానికి ఎనిమిది రెట్ల శక్తి కావాలి. 100ను 800 చేయడం ఆ ఇంజన్ తరం కాదు. మిగతా లెక్క గాలి నిరోధాన్ని తగ్గించడంలోనే తేలాలి. సన్నటి ఒళ్లు, అద్దంలాంటి పైపొర, చక్రాలకు తొడుగులు చేసే పని అదే.

అపోహ: అలాగైతే రెక్కలు ఎంత కత్తిరిస్తే అంత వేగం.

వాస్తవం: అందుకు నిబంధనలు ఒప్పుకోవు. రెక్క కనీసం 66 చదరపు అడుగులు, అంటే ఓ చిన్న గదంత ఉండాలి; ఖాళీ బరువు 227 కిలోలకు తగ్గకూడదు. ఈ హద్దులు లేకపోయినా ప్రకృతి ఊరుకోదు. పందెం దారికి గుర్తుగా నిలిపిన స్తంభాల చుట్టూ మలుపు తిరిగేటప్పుడు రెక్క విమానం బరువుకు కొన్ని రెట్లు మోయాలి. మరీ చిన్న రెక్కకు ఆ బరువు మోయడంలోనే నిరోధం పెరుగుతుంది, నేలకు దిగే వేగమూ పెరుగుతుంది. నేర్పు కోతలో కాదు, పొందికలో ఉంది.

అపోహ: ఇంట్లో కట్టుకున్న పందెపు విమానానికి తనిఖీ ఉండదు.

వాస్తవం: టామ్ కాసట్ రూపొందించిన పందెపు విమానాన్ని, నమూనా చిత్రాలు కొనుక్కుని ఎందరో స్వయంగా కట్టుకున్నారు. ఇలాంటి ప్రతి విమానంలోనూ ఎక్కువ భాగాన్ని ఔత్సాహికులే కట్టి ఉండాలని అమెరికా విమానయాన శాఖ నియమం. ఎగరడానికి ముందు తనిఖీ, ఆ తరువాత నిర్ణీత ప్రాంతంలో సాధారణంగా 25 లేదా 40 గంటల పరీక్షా ప్రయాణాలు తప్పవు. ఫ్యాక్టరీ విమానం దాటే పరీక్షలన్నీ ఇది దాటలేదన్నది వాస్తవమే. అందుకే దానిపై ‘ఎక్స్‌పెరిమెంటల్’ అని రాసి ఉంటుంది. పందెంలో ప్రమాదం కూడా నిజమే. అయినా అది ఊహల మీద ఎగిరే బొమ్మ మాత్రం కాదు.

1991–99 మధ్య నెమెసిస్ 48 పందేల్లో 45 గెలిచి, స్మిత్‌సోనియన్ మ్యూజియం చేరింది. దాని చేతిలో ఓడినవాటి ఇంజన్ కూడా ఓ-200యే.