తలపాగా మంత్రి - బంగారం బజారు

2024 డిసెంబరులో కన్నుమూసిన మన్మోహన్ సింగ్ ముఖం తెలియక ముందే ఆయన సంతకం బులియన్ వర్తకులకు తెలుసు. 1982 నుంచి 1985 వరకు రిజర్వు బ్యాంకు గవర్నరు ఆయనే. నీలి తలపాగా, తగ్గు స్వరం, ఆక్స్‌ఫర్డు డాక్టరేటు. ఎన్నికల ముఖమెరుగని ఈ అధికారిని 1991 జూన్‌లో పి.వి. నరసింహారావు ఏరికోరి ఆర్థిక మంత్రిని చేశారు.

వస్తూనే తాకట్టు. జూలైలో రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారం కుదువబెట్టి సుమారు 40 కోట్ల డాలర్లు అప్పు తెచ్చింది. పుస్తెలు తాకట్టుపడ్డ ఇల్లులా తోచింది దేశం. అయితే చంద్రశేఖర్ ప్రభుత్వం మేలోనే స్టేట్ బ్యాంకు ద్వారా 20 టన్నులు పంపింది కనుక నిందంతా కొత్త మంత్రిదే అనడం న్యాయం కాదు.

బజారు ఆయనను గుర్తుంచుకున్నది వేరొకందుకు. విదేశాల నుంచి వచ్చే భారతీయులు విదేశీ ద్రవ్యంలో సుంకం కట్టి తలా 5 కిలోల బంగారం తెచ్చుకోవచ్చని 1992లో అనుమతించారు. పది తులాల బిస్కెట్లయితే ఇంచుమించు 43! దొంగ పడవల్లో దిగే సరుకు విమానాశ్రయంలో రసీదుతో దిగసాగింది. గల్ఫ్ కార్మికులలో ఇతరుల సరుకు మోసి కూలి పుచ్చుకున్నవారూ లేకపోలేదు. స్మగ్లర్ల లాభం పలచబడింది. స్వర్ణ నియంత్రణ చట్టం రద్దు మాత్రం 1990లో, మధు దండవతే హయాంలోనిది. ఆ గొప్ప ఈయన ఖాతాలో వేయరాదు.

1999లో దక్షిణ ఢిల్లీ ఓటర్లు ఆయనను ఓడించారు. ఆయన ప్రధానిగా ఉండగానే 2013 ఆగస్టులో బంగారంపై దిగుమతి సుంకం 10 శాతానికి చేరింది. దొంగ సరుకు మళ్లీ పుంజుకున్నది.