పాలచేపు గుట్టు ఆవు మెదడులో!

మీ ఇంట్లో ఆవో, ఎనుమో ఉందా? లేకపోయినా, పొద్దున్నే చెంబు పట్టుకుని వెళ్ళి కళ్ళెదుట పిండించుకుని తెచ్చుకునే అలవాటుందా? అయితే ఇది మీరు చూసే ఉంటారు. దూడను వదలగానే ఆవు దాని వీపు నాకుతూ నిలబడుతుంది. దూడ నాలుగు గుటకలు తాగి పొదుగును కుమ్మిందో లేదో, మెత్తగా ఉన్న చన్నులు నిండుగా బిగుస్తాయి. "చేపింది, ఇక దూడను కట్టేయండి" అంటారు పెద్దవాళ్ళు. అదే ఆవు, పితికే మనిషి మారినా, కుక్క మీదికొచ్చినా ఎంతకీ చేపదు. "ఎగచేపింది, దీనికి పొగరు" అని విసుక్కుంటాం.

పొగరు కాదండీ! పాలు పొదుగులో ఉన్నా, వదలమని చెప్పేది మెదడు. చిత్తూరు, తిరుపతి పల్లెల్లో వానలు మొహం చాటేసి చెనక్కాయ పంట పోయిన ఏడు కూడా ఇల్లు గడిపేది పాల డబ్బే. కాబట్టి ఈ సంగతి మనకు తెలిసి ఉండటం మంచిది.

చేపు ఎలా వస్తుంది?

పొదుగులో పాలు తయారయ్యేది చిన్న చిన్న తిత్తుల్లో. దూడ చీకినా, మన చెయ్యి తగిలినా ఆ కబురు నరాల గుండా మెదడుకు చేరుతుంది. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోను రక్తంలోకి వస్తుంది. అది పొదుగుకు చేరి ఆ తిత్తులను పిండుతుంది. ఇదంతా దాదాపు ఒక నిమిషంలో జరుగుతుంది. దాని బలం ఐదారు నిమిషాలే. ఎనుము ఇంకాస్త ఆలస్యంగా చేపుతుంది. అందుకే ఎనుమును పితికేవాళ్ళకు ఓపిక ఎక్కువ కావాలి.

పిల్లలకు పాలిచ్చిన తల్లులకు ఇది కొత్తేమీ కాదు. పక్క గదిలో బిడ్డ ఏడుపు వినబడితే చాలు, రవిక తడుస్తుంది కదూ? మనసు బాగాలేని రోజున పాలు సరిగా రావు. మనకూ ఆవుకూ హార్మోను ఒక్కటే!

ఈ ఆక్సిటోసిన్ పాలతోనే సరిపెట్టుకోదు. తల్లీబిడ్డలను కలిపేదీ అదే. 1987లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు, ముందుగా వేరే హార్మోన్లతో సిద్ధం చేసిన, చూడి లేని గొర్రెల మెదడులోకి దీన్ని ఎక్కించారు. కొద్దిసేపట్లోనే అవి పరాయి పిల్లలను తల్లుల్లా దగ్గరకు తీసుకున్నాయి. ఈనిన గొర్రె రెండు గంటల్లోనే తన పిల్ల వాసనను మనసులో పెట్టుకుంటుంది. ఆ తర్వాత వేరే పిల్ల వస్తే తల విదిలించి తోసేస్తుంది. దూడ చచ్చిపోతే దాని తోలులో గడ్డి కూరి తల్లి ముందు నిలబెట్టే పాత పద్ధతి కూడా ఈ జ్ఞాపకాన్ని నమ్ముకున్నదే.

కుడితి బానె చప్పుడు

బానెలో కుడితి కలిపే చప్పుడు వినగానే ఆవు తల తిప్పి చూస్తుంది. కొన్ని ఆవులైతే తపేలా చప్పుడుకే చేపేస్తాయి! ఇలాంటి ఆశ వెనక మెదడులోని ఇంకో రసాయనం ఉంది, దాని పేరు డోపమిన్. వోల్ఫ్‌రాం షుల్జ్ అనే శాస్త్రజ్ఞుడు 1990లలో స్విట్జర్లాండులో కోతుల మీద పరిశోధనలు చేశాడు. మొదట పళ్ళరసం నోట్లో పడ్డప్పుడు డోపమిన్ కణాలు చురుగ్గా పనిచేశాయి. కొన్నాళ్ళకు, రసం రాబోతోందని దీపం వెలగగానే పనిచేయసాగాయి. దీపం వెలిగీ రసం రాకపోతే, ఉన్న చురుకూ తగ్గిపోయింది. మంచి జరగబోతోందన్న గుర్తును మెదడు నేర్చుకునే తీరు ఇది. రోజూ ఒకే వేళకు, ఒకే చప్పుడుతో, ఇంత తవుడూ చెక్కా పెట్టి పితికే ఇల్లాలు తెలియకుండానే ఈ శాస్త్రాన్ని వాడుకుంటోందన్నమాట.

దెబ్బను మర్చిపోదు

ఆవు భయపడితే అడ్రినలిన్ పైకి ఉబుకుతుంది. అది పొదుగుకు రక్తం తగ్గించి ఆక్సిటోసిన్ పనికి అడ్డుపడుతుంది. అంతటితో పోదు. భయంతో కలిసిన జ్ఞాపకం గట్టిగా నాటుకుంటుంది. ఇవాళ కర్ర తీసిన మనిషి రేపు ఉత్త చేతులతో వచ్చినా ఆవు బెదురుతుంది.

ఇంగ్లండులోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయం వారు 2009లో ప్రకటించిన సర్వేలో, ఆవులను పేరు పెట్టి పిలిచే ఇళ్ళలో ఒక్కో ఆవు ఏడాదికి 258 లీటర్లు ఎక్కువ ఇచ్చిందని తేలింది. పేరు ఒక్కటే పాలు పెంచిందని కాదు. పేరు పెట్టేవాళ్ళు ఆవును బాగా చూసుకుంటారు కూడా. మన గౌరి, లక్ష్మి ఊరికే పుట్టిన పేర్లు కావు!

సూదిమందుతో జాగ్రత్త

దూడ చచ్చిపోయినా, తీరిక లేకపోయినా కొందరు రోజూ ఆక్సిటోసిన్ సూది వేసి పిండుతుంటారు. కాన్పుల్లో డాక్టర్లు వాడే మందే ఇది, అక్కడ ప్రాణాలు కాపాడుతుంది. కానీ కొట్టంలో రోజూ వేస్తే, ఆవు సూది లేనిదే సరిగా చేపని స్థితికి వస్తుందని పరిశోధనల్లో తేలింది. పైగా సూది కొత్తగా పాలు పుట్టించదు, ఉన్నవాటిని దించుతుంది, అంతే. పశువుకు హాని చేసే సూదులు వేసి పాలు పిండటం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. వెయ్యి రూపాయల వరకు జరిమానా గానీ, రెండేళ్ళ వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు.

ఇవి పాటించి చూడండి

* పితికే వేళ, చోటు, మనిషి రోజూ మారకుండా చూసుకోండి.
* గోరువెచ్చని నీళ్ళతో పొదుగు కడిగి, శుభ్రమైన గుడ్డతో తుడవండి. చేపు వచ్చాకే పితకండి.
* చేపాక మాటల్లో పడకుండా ఐదారు నిమిషాల్లో ముగించండి.
* నాటు ఆవులకూ ఎనుములకూ దూడ తోడు ఎక్కువ కావాలి. పొట్టిగా ఉండే మన పుంగనూరు ఆవుకైనా అంతే.
* పితికే చోట అరుపులు, కర్రలు వద్దు. కుక్కను దూరంగా కట్టేయండి.
* ఉన్నట్టుండి చేపడం మానేస్తే పొదుగువాపేమో చూడండి. సూది కోసం పరుగెత్తకుండా పశువైద్యుణ్ణి పిలవండి. తిరుపతిలో 1955 నుంచీ పశువైద్య కళాశాల ఉంది. మంచి సలహా మనకు దగ్గర్లోనే దొరుకుతుంది.

రేపు పొద్దున కొట్టంలోకి వెళ్ళేటప్పుడు తపేలాతో పాటు కాస్త నిదానం కూడా పట్టుకెళ్ళండి. మీ చెయ్యి ఎలాంటిదో ఆవు గుర్తుపెట్టుకుంటుంది!