చీనా పింగాణీపై అరబ్బీ లిపి: అన్వయ సమస్య

కోనసీమలోని ముక్తేశ్వరం వంటి గ్రామాలలో ఆవకాయ నిలువచేసే జాడీ పింగాణీది. ‘పింగాణీ’ శబ్దానికి మూలం గిన్నె అనే అర్థంగల పారశీక పదం ‘పింగాన్’. చీనా వస్తువుకు తెలుగులో పారశీక మూలపు పేరు స్థిరపడటం ఆ వర్తకంలో ఇస్లామిక ప్రపంచం వహించిన మధ్యవర్తిత్వాన్ని సూచిస్తుంది.

అయితే అరబ్బీ లిపి ఉన్నంతమాత్రాన చీనా పాత్రను ఎగుమతి సరుకుగా నిర్ణయించరాదు. మింగ్ చక్రవర్తి జెంగ్‌ద (1506–1521) కాలంలో జింగ్‌దెజెన్ బట్టీలలో నీలి-తెలుపు పాత్రలపై అరబ్బీ, పారశీక వాక్యాలు రాశారు. వాటిలో కుంచెను ఆనించే పీఠాలు, మూతపెట్టెలు చీనా విద్వాంసుల రాతబల్లకు చెందినవి. అనేకం చక్రవర్తి పాలనాముద్రను ధరించాయి. ఇవి ఆస్థానంలోని ముస్లిం ఉద్యోగులకు ఉద్దేశించినవని పలువురు పరిశోధకుల అభిప్రాయం. ఇందుకు భిన్నంగా, దక్షిణ చీనాలోని జాంగ్‌జౌ ప్రాంతంలో తర్వాత తయారైన, ఖురాన్ వాక్యాలుగల పెద్ద పళ్లాలు ఆగ్నేయాసియా ముస్లింల కోసం చేసిన ఎగుమతి సరుకే.

ఈ విచక్షణ ఆంధ్ర తీర చరిత్రకూ అవసరం. మోటుపల్లి, నెల్లూరు తీరపు కొత్తపట్నం తవ్వకాలలో చీనా పింగాణీ పెంకులు లభించాయి. విదేశీ వర్తకులకు రక్షణ కల్పిస్తూ కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లిలో వేయించిన అభయశాసనం 1244–45 నాటిది. అంటే అది జెంగ్‌ద కాలానికి రెండున్నర శతాబ్దాలు ముందుది. కనుక ఈ తీరపు చీనా వర్తకాన్ని అరబ్బీ లిపి పాత్రల ఆధారంగా వివరించడం కాలవ్యత్యయమవుతుంది.

లిపి పాఠకుని భాషను తెలుపుతుంది. సరుకు ప్రయాణాన్ని నిర్ధారించడానికి ఆకారం, ముద్ర, లభ్యస్థానం మూడింటినీ కలిపి పరిశీలించాలి.