విశ్వవిద్యాలయములు - ఉగ్రవాద పరిశీలనము

2005 డిసెంబరు 28వ తేదీ సాయంకాలము బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో, విద్వత్సదస్సు నుండి ప్రతినిధులు వెలుపలికి వచ్చుచుండగా, తుపాకి కాల్పులు జరిగినవి. ఢిల్లీ ఐ.ఐ.టి. గణితాచార్యులు ఎం. సి. పురి మరణించిరి, మరికొందరు గాయపడిరి.

విద్యాప్రాంగణములకు కావలి అవసరమే. కాని కావలి యొక్కటే చాలదు. ఉగ్రవాదము ఎట్లు పుట్టును, ఎట్లు పెరుగును, ఎట్లు అణగును అని శోధించుట విశ్వవిద్యాలయముల విధి.

ఈ శోధనమునకు ముఖ్యమార్గములు రెండు. మొదటిది సంఘటనల లెక్క. అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయమువారు 1970 మొదలు ప్రపంచమున జరిగిన దాడుల వివరములను పట్టికగా కూర్చిరి. రెండవది ఉగ్రవాదుల రచనలను పఠించుట. చిక్కంతయు ఇచ్చటనే కలదు. 2008లో ఇంగ్లండునందలి నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయ విద్యార్థి యొకడు పరిశోధనకై అల్‌ఖైదా కరదీపికను సేకరించి నిర్బంధింపబడెను. పిదప నేరారోపణ లేకయే విడుదలయ్యెను.

విషలక్షణములు నేర్చిన వైద్యుడు విషము పెట్టువాడు కాడు. కనుక ఎవరు, ఏ గ్రంథమును, ఏ ప్రయోజనమునకై చదువుచున్నారో విశ్వవిద్యాలయము ముందుగనే వ్రాతపూర్వకముగా నిర్ణయించి, పరిశోధకునకు అండగా నిలువవలెను. ఉగ్రవాదమును మతమునకో భాషకో అంటగట్టక, కృత్యమును బట్టియే నిర్వచింపవలెను.

మన తెలుగు బిడ్డలనేకులు ఈ నగర కళాశాలలలో చదువుచున్నారు. వారు తరగతిలో అడుగ జంకిన ప్రశ్నకు వీధిలో వదంతియే సమాధానమగును.