అతిథి పరిశోధకులు

కీసరగుట్టపై రామలింగేశ్వరుని దర్శించి వచ్చువారు అనేకులు. అచ్చటి బండపై చెక్కియున్న ఒక చిన్న మాటను చూచి వచ్చువారు మాత్రము అరుదు. విష్ణుకుండినుల కాలమునాటిదని, అనగా సుమారు క్రీ.శ. 5వ శతాబ్దికి చెందినదని పండితులు తలచు ఆ మాట ‘తొలుచువాండ్రు’. రాతిని తొలుచు పనివారని దాని యర్థము. మన భాషలో వ్రాతకెక్కిన మిక్కిలి ప్రాచీనమైన మాటలలో అది యొకటి.

ఈ మాట పుట్టుక తెలియుటకు కీసరలో కూర్చుండిన చాలదు. తమిళులు రంధ్రమును ‘తొళై’ అందురు. అది మన ‘తొలుచు’నకు తోబుట్టువు. ఇటులనే తెలుగు మాటల తోబుట్టువులు కన్నడమునందును, కోలామీ, కువి, కొండ మొదలగు గిరిజన భాషలయందును చెదరియున్నవి. వానిని సేకరించినవారు, ఆ గ్రంథములున్న భాండాగారములు పలుదేశములలో నున్నవి. తెలుగును గూర్చి పరిశోధించుటకు తెలుగువాడు సముద్రము దాటనేల అని నవ్వువారికి ఇదియే ప్రత్యుత్తరము.

ఇట్టివారి కొరకే విశ్వవిద్యాలయములు విజిటింగ్ ఫెలోషిప్పులను, అనగా అతిథి పరిశోధక వేతనములను ఏర్పరచినవి. అన్యదేశపు విద్వాంసుని కొన్ని నెలలకో, ఒక సంవత్సరమునకో ఆహ్వానించి, గ్రంథాలయ ప్రవేశమును, జీవనమునకు వలయు ధనమును ఒసగుదురు. పట్టమునకై పోవు విద్యార్థి వేరు, ఇతడు వేరు. ఇతనికి పరీక్షలు లేవు. కాని తాను చేయదలచిన పని యేమో, అది అచ్చటనే ఏల జరుగవలెనో ముందుగా వ్రాసి యొప్పింపవలెను. రెండవ ప్రశ్నకడనే పెక్కుమంది తడబడుదురు. దేశము చూడవలెనను కోరిక దానికి సమాధానము కాదు గదా!

ఈ రాకపోకలు ఒకవైపువి కావు. కెనడాలో జన్మించిన ఎమెనో పండితుడు 1935 నుండి 1938 వరకు మన దేశమున నుండి, నీలగిరులలోని తొదవ, కోత జనుల మాటలను, కోలామీని వారి నోట విని వ్రాసికొనెను. పిమ్మట ఆయనయు, ఆక్స్‌ఫర్డులోని బరో పండితుడును కలిసి 1961లో ద్రావిడ భాషల వ్యుత్పత్తి నిఘంటువును ప్రకటించిరి.

అదే యేట మన భద్రిరాజు కృష్ణమూర్తిగారి తెలుగు ధాతువుల గ్రంథము కాలిఫోర్నియాలో అచ్చయ్యెను. 1928లో ఒంగోలున జన్మించిన ఆయన 1957లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము పొందిరి. అంతటితో తృప్తిపడక, అరకు ప్రాంతపు కొండ భాషను ఆ జనులయొద్దనే నేర్చి, 1969లో దానిపై గ్రంథము వెలువరించిరి. తరువాత అమెరికా, ఆస్ట్రేలియా, జపాను విశ్వవిద్యాలయములు ఆయనను అతిథిగా పిలిచినవి. ఆయనను పిలుచుటకు కారణము ఆంగ్లపాండిత్యము మాత్రమే కాదు; అరకు కొండలలో వినివచ్చిన ఆ మాటలును. ద్రావిడ భాషలన్నిటిపై ఆయన వ్రాసిన బృహద్గ్రంథమును 2003లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారు ప్రచురించిరి.